వెంట్రుకవాసి తేడా!

కొలిచింది సరిగ్గానే. గీత గీసిందీ సరిగ్గానే. కర్ర చూస్తే చేవదేరిన టేకు. తీరా నాలుగు ముక్కలూ కలిపి తలుపు చట్రం బిగిస్తే... ఓ మూల గోరు దూరేంత సందు! వడ్రంగి కర్రను తిట్టుకుంటాడు. ఇంటాయన వడ్రంగిని తిట్టుకుంటాడు. అసలు దోషి మాత్రం హాయిగా గిర్రున తిరుగుతూనే ఉంటుంది. అదే టేబుల్ సా... రంపం బల్ల!

బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడు పైకొచ్చి తిరుగుతుంటే, పక్కనున్న ఫెన్సుకు చెక్కను ఆనించి ముందుకు తోయడమే పని. చూడ్డానికి అంతే. కానీ బ్లేడూ ఫెన్సూ ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే ఎంత చెయ్యి తిరిగిన పనివాడైనా చేయగలిగింది లేదు. కొత్త మిషన్‌కు ఆ బాధ లేదనుకుంటారు చాలామంది. లారీలో వచ్చేటప్పటి కుదుపులు చాలు, కంపెనీలో చేసిన సెట్టింగు చెదిరిపోవడానికి.

గాడే ఆధారం

బ్లేడు పక్కనే బల్లమీద పొడుగ్గా ఓ గాడి ఉంటుంది. అడ్డకోతకు వాడే మైటర్ గేజీ అందులోనే జారుతుంది. బల్లలోనే చెక్కిన గాడి కాబట్టి దానికి కదలిక లేదు. అందుకే కొలతలన్నీ అక్కడినుంచే మొదలవ్వాలి. ముందు ప్లగ్గు పీకేయాలి. స్విచ్చి ఆపితే చాలదు. బ్లేడును పూర్తిగా పైకి లేపి, ముందువైపు ఒక పన్నుకు స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టి, గాడినుంచి దానికెంత దూరముందో చూసుకోవాలి. తర్వాత బ్లేడును చేత్తో తిప్పి అదే పన్నును వెనక్కి తెచ్చి మళ్లీ కొలవాలి. వేరే పన్నును కొలిస్తే లెక్క తప్పుతుంది. బ్లేడే కాస్త వంగి ఉంటే, తప్పు దానిదో బల్లదో తేలదు మరి!

రెండు కొలతలకూ తేడా 0.1 మిల్లీమీటరు లోపుంటే భేష్. అంటే ఓ కాగితం మందం. టేపుతో తేలే వ్యవహారం కాదిది. బైకు మెకానిక్కులు టాపెట్ సెట్టింగుకు వాడే ఫీలర్ గేజీ ఇక్కడ బ్రహ్మాండంగా పనికొస్తుంది. మైటర్ గేజీకి ఓ చెక్కముక్క కట్టి, దానికి స్క్రూ బిగించి, స్క్రూ తలకూ పన్నుకూ మధ్య ఏ రేకు దూరుతుందో చూస్తే సరి.

తేడా వస్తే? బరువైన కేబినెట్ రకంలో బల్లను పట్టి ఉంచే బోల్టుల్లో ఒక్కదాన్ని కాస్త బిగువుగా ఉంచి, మిగతావి వదులు చేసి, కొయ్య సుత్తితో అంచుమీద మెల్లగా తట్టాలి. చిన్న రకాల్లో అయితే బల్లకింద బ్లేడును మోసే చట్రాన్ని జరపాలి. ఓపికకు పరీక్షే. కుదిరిందనుకున్నది కాస్తా బోల్టు బిగించగానే మళ్లీ జరుగుతుంది. కాబట్టి బిగించాక ఇంకోసారి కొలవక తప్పదు. ఆ తర్వాతే ఫెన్సు. దాన్నీ గాడికి సమాంతరంగా నిలపాలి. వెనక కొస ఓ కాగితం మందం దూరంగా ఉన్నా ఫరవాలేదు. బ్లేడువైపు వాలితే మాత్రం పోయేది చెక్క ఒక్కటే కాదు.

వేళ్లు జాగ్రత్త

10 అంగుళాల బ్లేడు నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే దాని అంచు వేగం గంటకు 190 కిలోమీటర్లు! ముందు పళ్లు చెక్కను కిందికి నొక్కుతూ కోస్తాయి. వెనక పళ్లు పైకి లేస్తుంటాయి. ఫెన్సు లోపలికి వాలి ఉంటే చెక్క సరిగ్గా ఆ వెనక పళ్ల దగ్గర ఇరుక్కుంటుంది. అవి దాన్ని ఎత్తి, ఎదురుగా నిలబడ్డ మనిషి మీదికే విసిరేస్తాయి. చెక్కతోపాటు చెయ్యీ బ్లేడు మీదికి పోవచ్చు. దీన్ని అడ్డుకోవడానికే బ్లేడు వెనక ఓ ఉక్కు రేకు ఉంటుంది. పేరు రైవింగ్ నైఫ్. కోసిన సందు మూసుకుపోకుండా చూడటం దాని పని. పనికి అడ్డమంటూ మనవాళ్లు మొదట పీకి మూలన పడేసేది దాన్నే! ఊళ్లో వెల్డింగ్ చేయించుకున్న బల్లలకు చాలావాటికి ఆ రేకూ ఉండదు, గాడీ ఉండదు. అలాంటప్పుడు ముందూ వెనకా గుర్తుపెట్టిన పన్నునుంచి నేరుగా ఫెన్సుకే దూరం కొలుచుకోవాలి.

అమెరికాలో స్టీఫెన్ గాస్ అనే పేటెంట్ లాయరు 1999లో ఓ ఉపాయం కనిపెట్టాడు. చర్మం తగలగానే 5 మిల్లీసెకన్లలో బ్లేడు ఆగిపోతుంది. వేలికి బదులు సాసేజ్ పెట్టి చూపించిన ఆ ప్రయోగమే తర్వాత 'సాస్టాప్' మిషన్లుగా మార్కెట్లోకి వచ్చింది. అంతటి మిషనైనా వంకర ఫెన్సును సరిచేయదు. ఇరుక్కున్న చెక్క ఎగిరిరావడాన్నీ ఆపదు.

అయిదు కోతలు

మైటర్ గేజీ కచ్చితంగా 90 డిగ్రీలుందా? మూలమట్టం పెట్టి చూస్తే ఉన్నట్టే కనిపిస్తుంది. నమ్మడానికి లేదు. అనుభవజ్ఞులు ఓ ప్లైవుడ్ ముక్క తీసుకుంటారు. ఒక అంచు కోసి, ఆ కోసిన అంచునే గేజీకి ఆనించి తర్వాతి అంచు కోస్తారు. అలా నాలుగు వైపులా తిప్పి, అయిదోసారి మొదటి అంచునే సన్నటి పట్టీగా కోస్తారు. దాని రెండు కొసల వెడల్పూ వెర్నియర్‌తో కొలిస్తే గుట్టు రట్టు! గేజీలోని తప్పు ఈ పట్టీలో నాలుగు రెట్లు పెరిగి కనిపిస్తుంది. అర మీటరు పట్టీలో 1 మిల్లీమీటరు తేడా వచ్చిందంటే అసలు తప్పు అందులో నాలుగోవంతు.

బ్లేడు నిట్టనిలువుగా ఉందో లేదో చూడ్డం ఇంకా తేలిక. చెక్కను పక్క అంచుమీద నిలబెట్టి అడ్డంగా కోసి, ఒక ముక్కను తలకిందులు చేసి, కోసిన ముఖాలు రెండూ కలపాలి. వెలుతురు దూరిందా, వాలు ఉన్నట్టే. కనిపించే సందు అసలు తప్పుకు రెట్టింపు.

ఇంత చేసినా కోత వంకరగా వస్తే బ్లేడు విప్పి చూడాలి. బిగించే వాషరు దగ్గర చిటికెడు రంపపు పొట్టు అంటుకున్నా బ్లేడు ఊగిపోతుంది. ఓ గుడ్డతో తుడిస్తే పోయేదానికి మిషన్‌ను మెకానిక్కు దగ్గరికి మోసుకెళ్లేవాళ్లూ ఉన్నారు! బ్లేడు మార్చినా, వాలుకోత కోసి తిరిగి నిలువుకు తెచ్చినా, చెక్క ఒక్కసారి ఎగిరొచ్చినా, మిషన్‌ను ఇంకో సైటుకు చేర్చినా... కొలతలు మళ్లీ గాడినుంచే.