వాగుకోత – ఊరిబాటకు రక్ష

ఊరికి బాట ప్రాణనాడి వంటిది. అది తెగినచో ప్రసవవేదనపడు తల్లికి వైద్యము దూరమగును; బాలికలకు బడి దూరమగును; పాలు, కూరలు అంగడి చేరకయే చెడిపోవును. కావున బాటను కాపాడుట పురుషుల పనియేయని స్త్రీలు ఊరకుండరాదని మేము తలచెదము.

కామారెడ్డి జిల్లాలోని జుక్కల్ ప్రాంతమును చూడుడు. మహారాష్ట్ర, కర్ణాటకముల సరిహద్దుననున్న మెట్టసీమ యిది. ఇచటి కౌలాస్‌నాలా మంజీరలో కలియును. ఇచట నల్లరేగడి విస్తారము. ఆ నేల యెండకు బీటలువారును; వానకు ఉబ్బి మెత్తబడును. అట్టి నేలపై వేసిన బాటకు వాగుకోత భయము మెండు. 2025 ఆగస్టు నెలాఖరున కురిసిన కుంభవృష్టికి ఈ జిల్లాలో బాటలతోపాటు రైలుకట్టకు సైతము గండిపడినది.

వాగు బాటను తరచుగా అడుగునుండి తినివేయును. ప్రవాహవేగము రెండింతలైనచో అది దొర్లింపగల రాతిబరువు 64 రెట్లగునని జలశాస్త్రజ్ఞుల లెక్క. వాగు వంపు తిరుగుచోట వెలుపలి యొడ్డున వేగమధికము. ఇరుకుతూమునుండి దూకు నీరు దిగువను గుంటచేయును. ఆ గుంట వెనుకకు పెరిగి పునాదిని తొలుచును. తూములో కొమ్మలు, చెత్త అడ్డుపడినచో నీరు బాటపైకెక్కి, ఆవలికి దూకుచు కట్టనే కొనిపోవును.

నివారణోపాయములు కష్టమైనవి కావు. మృగశిరకార్తెకు ముందే తూముల పూడిక తీయించవలెను. తూము దిగువను కంకర పరచి, దానిపై పెద్దరాళ్లు పేర్చవలెను. కంకర లేనిచో రాళ్ల సందులనుండి మట్టి జారిపోవును. వంపులవద్ద ఇనుపవలలలో రాళ్లు నింపి గోడగా పేర్చవలెను. కట్టవాలున అడ్డువరుసలుగా వట్టివేరు నాటవలెను. వేసవిలో మనకు చల్లదనమిచ్చు వట్టివేరే యిది. దాని వేళ్లు 10 అడుగుల లోతువరకు దిగి మట్టిని పట్టియుంచును. పరిమళమునకై ఆ దుబ్బులను పెల్లగింపరాదు. ఇంటి కట్టుబడికై తూముచెంత ఇసుక త్రవ్వినను వాగడుగు దిగిపోయి పునాదికి చేటగును.

తెలంగాణమున 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము స్త్రీలకు సగము స్థానములు కేటాయించినది. కావున సోదరీమణులారా! వానకాలమునకు ముందే గ్రామసభకు పొండు. తూములు శుభ్రమైనవా, రాళ్లు కదలినచోట మరల పేర్చిరా, ప్రక్కకాలువ పారుచున్నదా యని అడుగుడు. గండిపడిన పిమ్మట బాట వేయుటకంటె, నేడొక తూమును శుభ్రపరచుట మిక్కిలి సులభము.