శిశువు ఊపిరికి గొట్టం: నోటి దారియా, ముక్కు దారియా?

కోనసీమలో పుట్టిన పసికందు పాలు త్రాగుతూ మాటిమాటికి ఆగి రొప్పుతున్నా, ఏడ్చినప్పుడు పెదవులు నీలంగా మారుతున్నా, గుండెలో లోపమున్నదేమోనని అనుమానించాలి. అట్టి బిడ్డను తల్లిదండ్రులు కాకినాడకు, అక్కడినుండి విశాఖపట్టణానికో, హైదరాబాదుకో, 2021లో తిరుపతిలో ప్రారంభమైన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయానికో తీసుకొనిపోతారు. అక్కడ శస్త్రవైద్యుడు కత్తి పట్టకముందే మత్తువైద్యుడు చేయవలసిన పని ఒకటున్నది. శిశువు శ్వాసనాళంలోనికి సన్నని గొట్టాన్ని పంపి, ఊపిరి భారాన్ని తాను వహించాలి.

వినడానికి ఇది చిన్న పనే. కాని నవజాత శిశువు శ్వాసనాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లు మాత్రమే. గొట్టం లోపలి వ్యాసం 3 లేక 3.5 మిల్లీమీటర్లు, అంటే వరిగడ్డి పరకంత. నోటి పరిమాణానికి నాలుక పెద్దది. స్వరపేటిక పెద్దవారిలోకంటె ఎగువన ఉంటుంది. పైగా, బరువునుబట్టి లెక్కిస్తే శిశువు పెద్దవారికి రెట్టింపు ప్రాణవాయువును వాడుకొంటుంది. కనుక మత్తిచ్చి ఊపిరి ఆపిన తరువాత జాగు చేయడానికి వీలు లేదు.

నోటి దారి దగ్గరి దారి. లారింగోస్కోపు అనే దీపపు సాధనంతో నాలుకను ప్రక్కకు ఒత్తి, స్వరతంత్రుల నడుమ గొట్టాన్ని జొనుపుతారు. అయితే చొంగకు పట్టీ తడిసి వదులవుతుంది. గడ్డం క్రిందికి వంగితే గొట్టం లోనికి దిగుతుంది, పైకెత్తితే వెలుపలికి వస్తుంది. ఒక్క సెంటీమీటరు ఎక్కువ దిగినా కుడి ఊపిరితిత్తికి మాత్రమే గాలి అందవచ్చు. గుండె శస్త్రచికిత్సలో మరొక చిక్కున్నది. గుండె కదలికలను చూడడానికి ఆహారనాళంలోనికి ఒక సాధనాన్ని ఆ నోటినుండే దించుతారు. దానిని త్రిప్పినప్పుడల్లా గొట్టం కదిలే ప్రమాదమున్నది. శిశువు ముఖమేమో గుడ్డల చాటున ఉంటుంది!

ముక్కునుండి వేసిన గొట్టం కుదురుగా నిలుస్తుంది. శస్త్రచికిత్స తరువాత కొన్ని రోజులు యంత్రంతో ఊపిరి ఇవ్వవలసిన బిడ్డకు ఇది మేలు. కాని వేయడానికి వ్యవధి ఎక్కువ పడుతుంది. ముక్కులోని సున్నితమైన పొర చిట్లవచ్చు. గుండె పనిని యంత్రానికి అప్పగించేముందు రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు గనుక, చిన్న గాయం కూడా చాలాసేపు స్రవిస్తుంది. నాసికాపుటం అంచు ఒరిసి పుండు పడవచ్చు. అందుచేత కొందరు వైద్యులు ముందు నోటినుండి గొట్టం వేసి, శిశువు కుదుటపడిన తరువాత దానిని ముక్కు దారికి మార్చుతారు.

ఏ దారి అయినా, మొదటి ప్రయత్నంలోనే నెరవేరడం ముఖ్యం. ఏడాది లోపు శిశువులపై అమెరికా, ఆస్ట్రేలియాలలో జరిపి 2020లో ప్రకటించిన పరిశోధనలో, తెరపై గొంతును చూపే వీడియో లారింగోస్కోపుతో నూటికి 93 మందికి, మామూలు సాధనంతో 88 మందికి తొలి ప్రయత్నం ఫలించింది.

గొట్టం చేరిన సంగతిని నిశ్వాసంలోని కార్బన్ డయాక్సైడును కొలిచి నిర్ధారిస్తారు. ఊపిరితిత్తులకు రక్తం తక్కువగా పోయే నీలిశిశువులలో ఆ అంకె రక్తంలోని మోతాదుకంటె తక్కువగా కనిపిస్తుంది. వారికి రక్తాన్ని కూడా పరీక్షించి చూస్తారు.