పిలుపు పిల్లలది, ప్రయాణం పెద్దలది: అపోహలు – వాస్తవాలు

భిలాయి ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది 1955 ఫిబ్రవరిలో. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైంది 1959 ఫిబ్రవరిలో. ఆ కట్టుబడి పనులకు వచ్చిన కూలీల కోసం వెలిసిన బస్తీల్లో క్యాంప్ 2 ఒకటి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ ఇళ్లు కట్టుకుని నిలబడ్డాయి. ఊళ్లోని బంధువులు రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రైల్లో వచ్చి దిగితే ఉన్న గదిలోనే మరో చాప పరిచేవారు. ఎన్నాళ్లుంటారని అడగడం మర్యాద కాదు. ఇంటివాళ్లు రమ్మన్నారంటే చాలు, వచ్చేవాళ్లు ఇంకెవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు. ఆ పద్ధతి గొప్పది. అయితే మనవాళ్ల పిల్లలు డాలస్‌లోనో, లెస్టర్‌లోనో, టొరంటోలోనో చదువుతున్నప్పుడు అమ్మానాన్నలను పిలిపించుకునే విషయంలో పుట్టే అపోహల్లో చాలావాటికి మూలం కూడా అదే. పిలిచినవాడి మాటే ఆధారమని మనం అనుకుంటాం. ఆ దేశాలు మాత్రం వచ్చేవాళ్ల జీవితాన్ని చూస్తాయి.

అందుకే మొదటి అపోహ ఆహ్వాన పత్రం గురించి. అబ్బాయి మంచి ఉత్తరం రాసి, యూనివర్సిటీ కాగితాలు, తన బ్యాంకు లెక్కలు పంపిస్తే అమెరికా వీసా వచ్చేస్తుందని నమ్మేవాళ్లు ఎక్కువ. సందర్శక వీసా అయిన బి-2కి ఆహ్వాన పత్రం గానీ, ఖర్చులు భరిస్తానన్న హామీ పత్రం గానీ అవసరం లేదని అమెరికా విదేశాంగ శాఖే స్పష్టంగా చెబుతోంది. అక్కడి వలస చట్టంలోని 214(బి) సెక్షన్ ప్రకారం, దరఖాస్తుదారు అక్కడే స్థిరపడే ఉద్దేశంతో వస్తున్నారని అధికారి ముందుగానే అనుకోవాలి. కాదని చూపించాల్సిన బాధ్యత దరఖాస్తుదారుదే. ‘మా అబ్బాయి చూసుకుంటాడు’ అన్న జవాబు అక్కడ చెల్లదు. పైగా ఎఫ్-1 వీసా మీద చదివే విద్యార్థి సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. అలాంటివాడు ఇద్దరి ప్రయాణం ఖర్చంతా పెట్టుకుంటున్నాడంటే, ఆ డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న వాడి మీదికే వెళ్తుంది.

మరి ఏజెంట్లు ఉత్తరం ఎందుకు అడుగుతున్నారని అనవచ్చు. కెనడా విషయంలో ఆ మాటకు బలం ఉంది. అక్కడ ఆహ్వాన పత్రం దరఖాస్తుకు తోడ్పడుతుంది. బ్రిటన్‌లో కూడా ఎక్కడ ఉంటారో, ఎవరు ఖర్చు పెడతారో చూపించడానికి పనికొస్తుంది. ఎక్కడైనా అది వివరం చెప్పే కాగితమే తప్ప, తిరిగి వస్తారనడానికి సాక్ష్యం కాదు. ఇంతకంటే బరువైన అభ్యంతరం మరొకటి ఉంది. ప్లాంటులో రిటైరైన కార్మికుడికో, భిలాయి పవర్ హౌస్ ప్రాంతంలో చిన్న దుకాణం నడిపే మనిషికో చూపించుకోవడానికి ఏముంటుంది అని. చాలానే ఉంటుంది. నెలనెలా పడే పెన్షన్, దుకాణం, నివాసం, ఇక్కడే ఉన్న పెద్ద కొడుకు కుటుంబం, సెక్టార్ 9 ఆసుపత్రిలో సాగుతున్న వైద్యం... ఇవన్నీ మనిషిని ఊరికి కట్టి ఉంచేవే. చిన్న ఆదాయమని సిగ్గుపడి, పదిరోజుల కోసం అప్పు తెచ్చి ఖాతాలో వేసి, లేని వ్యాపారం ఉన్నట్టు కాగితాలు పుట్టించడమే అన్నిటికంటే పెద్ద ప్రమాదం. వీసా కోసం ముఖ్యమైన విషయంలో కావాలని అబద్ధం చెప్పినట్టు తేలితే అమెరికా చట్టం జీవితకాలం ప్రవేశం నిరాకరిస్తుంది. నిజం చెప్పి కాదనిపించుకున్నవారికి అలాంటి నిషేధం లేదు.

రెండో గందరగోళం వేర్వేరు నిబంధనలను కలిపేయడం వల్ల వస్తోంది. బ్రిటన్ 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్ విద్యార్థులు కుటుంబాన్ని వెంట తెచ్చుకోవడాన్ని ఆపేసింది. అప్పటి నుంచి ‘ఇక అమ్మానాన్న వెళ్లడానికి లేదు’ అన్న మాట ప్రచారంలో ఉంది. ఆ నిబంధన భార్య, భర్త, పిల్లల గురించి. తల్లిదండ్రులు అంతకుముందు కూడా ఆ జాబితాలో లేరు. వాళ్లు సందర్శక వీసా మీద గరిష్ఠంగా ఆరు నెలలు వెళ్లి రావచ్చు, ఇప్పటికీ అంతే. అమెరికాలో ఎఫ్-2 వీసా కూడా భార్య లేదా భర్తకు, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలకే. తల్లిదండ్రులు ఎక్కువకాలం ఉండేందుకు కెనడా ఇచ్చే సూపర్ వీసా గురించి విని ఆశపడేవాళ్లున్నారు. బిడ్డ అక్కడ పౌరుడో శాశ్వత నివాసో అయితేనే దాని మాట, స్టడీ పర్మిట్ మీద ఉన్న విద్యార్థి తల్లిదండ్రులకు అది వర్తించదు.

అమెరికా ఇంటర్వ్యూ ఎక్కడన్నది చిన్న విషయమే గానీ ఇక్కడివాళ్లను బాగా కంగారు పెడుతుంది. భిలాయి ఉన్న ఛత్తీస్‌గఢ్ ముంబయి కాన్సులేట్ పరిధిలోకి వస్తుంది కాబట్టి అక్కడికే పోవాలని కొందరంటారు. దేశంలోని ఐదు కేంద్రాల్లో దేన్నైనా ఎంచుకోవచ్చు. హైదరాబాద్‌లో తెలుగులో మాట్లాడవచ్చు. ఇంగ్లీషు రాదన్న కారణంగా ఏ అమ్మా వెనకాడనక్కర్లేదు.

వీసా వచ్చాక మొదలయ్యే అపోహలు ఇంకా నష్టం చేస్తాయి. అమెరికా పదేళ్ల వీసా అంటే పదేళ్లు ఉండొచ్చని కాదు. ఎన్నాళ్లుండాలో విమానాశ్రయంలోని అధికారి నిర్ణయిస్తారు. ఐ-94 అనే నమోదులో ఉన్న తేదీయే గడువు, సాధారణంగా ఆరు నెలలు. అది దాటితే వీసా రద్దయిపోతుంది. అసలు ఆరు నెలలూ ఉండటమే మంచి ఆలోచన కాదని నా అభిప్రాయం. ప్రేమను రోజుల్లో కొలుస్తారా అని ఎవరైనా నొచ్చుకోవచ్చు. విద్యార్థి ఉండేది మరో ముగ్గురితో పంచుకున్న ఇల్లు. అద్దె ఒప్పందాల్లో అతిథులు ఎన్ని రాత్రులుండొచ్చో తరచూ రాసి ఉంటుంది. హాస్టళ్లలో మరీ కఠినం. గీత దాటితే ఇల్లు ఖాళీ చేయాల్సింది విద్యార్థే. పరీక్షల నెలలో వాడు లైబ్రరీలో, మంచు కురిసే రోజుల్లో బస్సు కూడా తెలియని ఊళ్లో అమ్మ నాలుగు గోడల మధ్య... దీనికంటే సెలవుల్లో నాలుగైదు వారాలు నయం. దగ్గర్లో పెద్దల కోసం వేరే గది తీసుకుంటే అది మర్యాద తప్పడం కాదు. క్యాంపులో చాప పరిచినప్పుడు ఇల్లు మనది, అక్కడ కాదు.

ఆరోగ్య బీమా విషయంలో మరీ నిర్లక్ష్యం ఉంది. అమెరికా అడగదు కాబట్టి అక్కర్లేదంటారు, లేదా ఇక్కడి మెడిక్లెయిమ్ చాలంటారు. మన దేశీయ పాలసీలు సాధారణంగా ఇక్కడి చికిత్సకే. అమెరికాలో అత్యవసర విభాగం రోగిని తిప్పి పంపదు గానీ బిల్లు వెంట వస్తుంది. ఇంగ్లండ్‌లో ఎమర్జెన్సీలో చూడటం ఉచితమే, ఆసుపత్రిలో చేర్చుకున్నాక మాత్రం సందర్శకుల నుంచి మామూలు ఖర్చుకు ఒకటిన్నర రెట్లు వసూలు చేస్తారు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు కొనే ముందు పాత జబ్బుల గురించి పాలసీలో ఏం రాశారో చదవాలి. మందులు డాక్టరు చీటీతో, అసలు ప్యాకింగులోనే తీసుకెళ్లాలి.

విమానాశ్రయంలో పచ్చళ్లన్నీ పారేస్తారన్నది కూడా పూర్తి నిజం కాదు. దాచిపెట్టడమే తప్పు. తినే వస్తువులున్నాయని ప్రకటిస్తే, వద్దన్నవాటిని తీసేసుకుంటారు, జరిమానా ఉండదు. చెప్పకపోతే ఉంటుంది. పచ్చి కరివేపాకు మాత్రం అమెరికాకు వద్దు. నిమ్మజాతి తోటలను దెబ్బతీసే పురుగు దాని మీద వస్తుందని అక్కడ నిషేధించారు.

ఇక తల్లిదండ్రుల వీసా తిరస్కరిస్తే కొడుకు చదువుకు మచ్చ పడుతుందన్న భయం. 214(బి) కింద కాదనడం ఆ దరఖాస్తు మీద ఇచ్చిన నిర్ణయం. దానితో పిల్లల విద్యార్థి హోదా పోదు. 185 డాలర్ల రుసుము తిరిగి రాదు, మళ్లీ దరఖాస్తు చేయడానికి అడ్డేమీ లేదు. అయితే మొదటిసారికీ ఇప్పటికీ పరిస్థితిలో ఏం మారిందో చెప్పగలిగినప్పుడే మళ్లీ వెళ్లడం మేలు.