వేలిముద్ర, ప్లీడరు, మధ్యలో నిపుణుడు

బి.యస్సీ. చదివేవాడికి సాక్ష్యపు చట్టంతో పనేమిటని మిత్రులు అడిగారు. ఆ పని మా మెట్టచేను పెట్టింది. కేసు రాజీ అయిపోయింది కనుక, నాన్న అనుమతితోనే రాస్తున్నాను.

మా తాత రెండెకరాలు అమ్మినట్టు 2024 చివర్లో ఒక దస్తావేజు కోర్టుకొచ్చింది. "అది మా నాయన వేలిముద్ర కాదు" అన్నాడు నాన్న. ప్లీడరు గారు ఆ ముద్ర నకలునూ, తాత పాత దస్తావేజునూ ఒక ప్రైవేటు నిపుణుడికి పంపారు. ఆయన గీతలు ఎక్కడ చీలాయో, ఎక్కడ ఆగాయో ఒక్కొక్కటే సరిచూసి, రెండూ ఒకే వేలివన్నాడు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు.

"ఈ సంగతి అవతలివాళ్లకు చెప్పాలేమిట్రా?" అని నాన్న అడిగితే లైబ్రరీలో కూర్చున్నాను. 1872 నాటి చట్టం పోయి, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. 39వ సెక్షను ప్రకారం నిపుణుడిది అభిప్రాయమే, తీర్పు కాదు. 132వ సెక్షను ప్రకారం కక్షిదారు వకీలుతో చెప్పుకున్నది అతని అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. "ఫోర్జరీ చేశాను, నా తరఫున వాదించండి" అన్నా అది రహస్యమే. "ఈ దొంగ దస్తావేజుతో దావా వేసి పొలం ఇప్పించండి" అంటే మాత్రం కాదు. ఈ ఉదాహరణలు చట్టంలోవే.

ఈ కట్టుబాటు దుబాసీలకూ, వకీలు గుమాస్తాలకూ, ఉద్యోగులకూ ఉంది. నిపుణుడి పేరు అందులో లేదు. అమెరికాలో 1961లో కోవెల్ కేసులో, వకీలు సలహాకు అవసరమైన అకౌంటెంటుకు కూడా ఆ రక్షణ ఉంటుందని ఫెడరల్ అప్పీలు కోర్టు చెప్పింది. మన సెక్షనులో అంత విప్పి లేదు. అందుకే కాబోలు, మా ప్లీడరు గారు నిపుణుడికి కాగితాలే పంపారు గాని నాన్న చెప్పిన కథ ఒక్క ముక్కైనా రాయలేదు. సైన్సుకూ అదే మేలు. ఏ జవాబు కావాలో తెలిస్తే కన్ను అటే లాగుతుంది.

అయితే ఆ రక్షణ వకీలుతో అన్న మాటకే గాని కాగితం మీది ముద్రకు కాదు. రిజిస్ట్రారాఫీసులో వేలిముద్రల పుస్తకం ఉంటుంది. సివిల్ ప్రొసీజరు కోడు 26వ ఆర్డరు 10-ఎ రూలు కింద కోర్టే శాస్త్రీయ పరీక్షకు కమిషనరును వేయవచ్చు. మా రిపోర్టు బీరువాలో పెట్టినా, ఇంకొకరు అవే గీతలు చూస్తారు.

ఇదంతా చెబితే నాన్న చాలాసేపు పలకలేదు. మర్నాడు ప్లీడరు గారితో, "ముద్ర కాదనే మాట వదిలేయండి. మా నాయనకు డబ్బు పూర్తిగా ముట్టిందో లేదో, అదొక్కటే అడగండి" అన్నాడు.