ఇల్లు మారారు సరే, తుపాకీ సంగతి?

ఎడ్లపాడు: ఊరు వదిలి వెళ్లేవారు రేషను కార్డు మార్పించుకుంటారు. గ్యాసు బండ మార్పించుకుంటారు. ఓటు సంగతి చుట్టుపక్కల వారెవరో గుర్తు చేస్తారు. బీరువా వెనక గుడ్డ చుట్టి నిలబెట్టిన తుపాకీని మాత్రం మంచాలు, బిందెలతో పాటే లారీ ఎక్కిస్తారు. లైసెన్సు ఉంది గదా, ఎక్కడికి తీసుకుపోతే మాత్రం ఏమిటన్న ధీమా. ఆ ధీమాతోనే నిజాయితీపరులు కూడా చిక్కుల్లో పడుతున్నారు.

తుపాకీ లైసెన్సు బండి లైసెన్సు వంటిది కాదు. బండి లైసెన్సు దేశంలో ఏ మూలకు పోయినా చెల్లుతుంది. తుపాకీ లైసెన్సులో మనిషి పేరు, ఇంటి చిరునామా, తుపాకీ నంబరు, ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చు అన్నవన్నీ రాసి ఉంటాయి. అన్నింటికన్నా ముఖ్యంగా అది ఏ ప్రాంతంలో చెల్లుతుందో రాసి ఉంటుంది. లైసెన్సు ఉన్నవారిలో చాలామంది చూడనిది ఈ గడినే. జిల్లా అని ఉంటే జిల్లా వరకే. రాష్ట్రం అని ఉంటే రాష్ట్రం పొలిమేర వరకే. దేశమంతటికీ చెల్లే లైసెన్సు అందరికీ ఇవ్వరు.

పల్నాటి వారికి రాష్ట్రం పొలిమేర కనుచూపు మేరలోనే ఉన్నది. మాచర్ల దాటి నాగార్జునసాగర్ దగ్గర కృష్ణ అవతలి ఒడ్డుకు చేరితే తెలంగాణ. ఈ ఏటికి రెండు ఒడ్లా ఒకే ప్రభుత్వం ఉన్నది కొంత కాలమే. 1948 వరకు అవతల నైజాం రాజ్యం. 1956 నవంబరు 1న రెండు ఒడ్లూ ఒకే రాష్ట్రంలోకి వచ్చాయి. 2014 జూన్ 2న మళ్లీ వేరయ్యాయి. అంతకుముందు గుంటూరు నుంచి హైదరాబాద్‌కు మకాం మార్చడమంటే జిల్లా మారడమే. ఇప్పుడు రాష్ట్రం మారడం. ఉమ్మడి రాష్ట్రంలో పుచ్చుకున్న లైసెన్సు పుస్తకం పట్టుకుని, ఆంధ్రప్రదేశ్ అంతటా అని ఉంది గదా అని వాదిస్తూ చెక్‌పోస్టు దగ్గర నిలబడటం కంటే, బయల్దేరే ముందే కలెక్టరేట్‌లో చూపించుకోవడం మంచిది.

గుంటూరు సీమ రైతులకు వలస కొత్త కాదు. నిజాంసాగర్ నీళ్లు పారినప్పుడు బోధన్ వైపు వెళ్లారు. తుంగభద్ర కాలువలు వచ్చాక గంగావతి, సింధనూరు ప్రాంతాలకు వెళ్లి క్యాంపులు కట్టుకున్నారు. ఇప్పుడు పిల్లల ఉద్యోగాల వెంట ముసలి తల్లిదండ్రులు హైదరాబాద్, బెంగుళూరు అపార్టుమెంట్లకు చేరుతున్నారు. అలా ఎడ్లపాడు రైతు ఒకరు పొలం కౌలుకిచ్చి హైదరాబాద్‌లోని కొడుకు దగ్గర స్థిరపడదలచాడనుకుందాం. ఆయనకు రాష్ట్రం వరకు చెల్లే లైసెన్సుతో జంట గొట్టాల తుపాకీ ఉన్నది. ఆయన చేయవలసినదేమిటి?

సరిహద్దు దాటకముందే మొదటి పని ఉన్నది. లైసెన్సు ఇచ్చిన అధికారి వద్ద ప్రాంతం పెంపు గానీ, తుపాకీతో ప్రయాణానికి అనుమతి గానీ రాయించుకోవాలి. కొత్త చోట దిగిన తరువాత 30 రోజుల లోపల రెండు చోట్లకు కబురు పెట్టాలి. ఒకటి లైసెన్సు ఇచ్చిన లేదా చివరిసారి రెన్యూవల్ చేసిన అధికారికి. రెండవది కొత్త చోటి అధికారికి. జిల్లాల్లో ఈ అధికారి కలెక్టరు. హైదరాబాద్ వంటి నగరాల్లో పోలీసు కమిషనరు. ఆయన అడిగితే తుపాకీనీ, లైసెన్సునూ తీసుకువెళ్లి చూపాలి. కొత్త చిరునామా లైసెన్సులో ఎక్కితే గానీ పని పూర్తయినట్లు కాదు. కాగితం పంపించాం గదా అని ఊరుకోరాదు. ఇచ్చిన దరఖాస్తుకు రసీదు పుచ్చుకుని దాచుకోవాలి. ఎవరైనా ఆపి అడిగిన రోజున చేతిలో ఉండవలసినది అదే.

కొత్త చోటి అధికారులు పాత చోట విచారించకుండా చిరునామా మార్చరు. దానికి రోజులు పడుతుందని విసుక్కునేవారు ఉన్నారు. విచారణ ఊరికే పెట్టింది కాదు. జమ్ము కశ్మీర్‌లో 2012 నుంచి 2016 వరకు 2 లక్షల 70 వేలకు పైగా లైసెన్సులు అడ్డదారిన ఇచ్చారని, అందులో అనేకం పరాయి రాష్ట్రాల వారికి చేరాయని ఆరోపణ వచ్చింది. 2017లో రాజస్థాన్ పోలీసులు ఈ వ్యవహారాన్ని బయటపెట్టగా, ఆ తరువాత సి.బి.ఐ. దర్యాప్తు చేపట్టింది. ఇప్పుడు దేశంలోని లైసెన్సులన్నీ ఒకే కంప్యూటరు జాబితాలో ఉన్నాయి. ప్రతి లైసెన్సుదారుకూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఊరు మారినా ఆ సంఖ్య మారదు. సంఖ్య లేని పాత లైసెన్సు పుస్తకం చెల్లదు. తాతల నాటి సీలు, సంతకాలు ఎన్ని ఉన్నా లాభం లేదు.

అసలు చిక్కు చాలా ఇళ్లలో మరొక చోట ఉన్నది. ముసలాయన ఊళ్లోనే ఉంటాడు. కొడుకు కారులో వచ్చి, ఒంటరి ఇంట్లో ఎందుకని తండ్రి తుపాకీని నగరానికి పట్టుకుపోతాడు. లైసెన్సు తండ్రిది. కొడుకు చేతిలో ఉన్నంత సేపూ అది లైసెన్సు లేని తుపాకీయే. తండ్రి పక్కన ఉన్నప్పుడు గానీ, మరమ్మతుకు, రెన్యూవల్‌కు లేదా తండ్రి వాడకానికే తండ్రి రాసిచ్చిన చీటీతో గానీ తప్ప మరొకరు దానిని మోయడానికి లేదు. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకుంటే 2019లో సవరించిన ఆయుధాల చట్టం ప్రకారం 2 ఏళ్లకు తగ్గకుండా 5 ఏళ్ల దాకా జైలు, పైన జుర్మానా. నాన్నదే గదా అన్న మాట కోర్టులో నిలవదు.

తండ్రి పోయిన తరువాతి సంగతి మరీ విచారం. పెద్దకర్మ హడావుడిలో తుపాకీ ఎవరికీ గుర్తుండదు. లైసెన్సు ఆయనతోనే ముగుస్తుంది. వారసులు అనవసరపు ఆలస్యం లేకుండా దగ్గరి పోలీసు ఠాణాలో గానీ, లైసెన్సు గల తుపాకుల వ్యాపారి వద్ద గానీ దానిని అప్పగించి రసీదు పుచ్చుకోవాలి. కావలసిన వారసుడు ఆ తరువాత తన పేర లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. అంతదాకా ఆగనక్కరలేదు కూడా. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ ఆయన వద్ద 25 ఏళ్లు ఉన్నా, 2016 నిబంధనల ప్రకారం బతికుండగానే వారసుని పేర దరఖాస్తు పెట్టించవచ్చు. నగరానికి వెళ్లే పెద్దలు చేయదగిన పని ఇది. తుపాకీ ఇక వద్దనుకుంటే అమ్ముకోవచ్చు గానీ, లైసెన్సు ఉన్నవారికే అమ్మాలి. ముందుగా కలెక్టరుకు గానీ, పోలీసు ఠాణాకు గానీ తెలిపి 45 రోజులు ఆగాలి.

ఒకరి పేర రెండు తుపాకులకు మించి ఉండరాదు. 2019 వరకు మూడు ఉండవచ్చుననేవారు. వారసత్వంగా వచ్చినదీ ఈ లెక్కలోదే. లైసెన్సు గడువు అప్పట్లో 3 ఏళ్లు, ఇప్పుడు 5 ఏళ్లు.

చిరునామా మార్పించని వారికి ఎన్నికలప్పుడు తంటా తప్పదు. ఎన్నికల ప్రకటన వెలువడితే లైసెన్సు తుపాకులను ఠాణాలో అప్పగించమని కబురు వస్తుంది. ఫలితాలు వచ్చిన తరువాత తిరిగి ఇస్తారు. పోలీసులు చూసేది తమ జాబితాను. జాబితాలో తుపాకీ ఎడ్లపాడులో ఉన్నది. ఇంటికి తాళం. మనిషీ లేడు, తుపాకీ లేదు. గొడవల పేరున్న జిల్లాలో ఇటువంటి ఇంటి మీద అనుమానం రాకుండా ఉంటుందా? పాపం ఆయన హైదరాబాద్‌లో మనవణ్ని బడికి దింపుతూ ఉంటాడు.

పంట కాపలాకని మందు కూరే తుపాకీకి లైసెన్సు పొందిన కొండ వార రైతులు ఇంకొకటి గమనించాలి. లైసెన్సు తుపాకీకే గానీ అడవి పందికి కాదు. 1972 వన్యప్రాణి చట్టం అడవి పందికి రక్షణ ఇచ్చింది. దానిని కొట్టాలంటే అటవీ అధికారుల అనుమతి వేరే కావాలి. కర్ణాటకలో కొడగు వారికి లైసెన్సే అక్కరలేదట గదా అని వాదించే వారు కనిపిస్తారు. నిజమే, అది అక్కడి కొడవలకూ, జమ్మా భూముల వారికీ కేంద్రం ప్రత్యేకంగా ఇచ్చిన మినహాయింపు. గంగావతి క్యాంపుల్లో ఉన్న మన వారికి అది వర్తించదు.

ఊరు విడిచి ఎక్కడికీ వెళ్లని వారు కూడా పుస్తకం ఒకసారి తిరగేయాలి. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడటంతో ఎడ్లపాడు మండలం గుంటూరు జిల్లా నుంచి ఇటు వచ్చింది. పాత లైసెన్సుల మీద గుంటూరు కలెక్టరు ముద్ర ఉంటుంది. ఇప్పుడు రెన్యూవల్‌కు గానీ, చిరునామా మార్పుకు గానీ వెళ్లవలసినది నరసరావుపేట కలెక్టరేట్‌కు. వెళ్లేటప్పుడు లైసెన్సు అసలు పుస్తకం, తూటాలు కొన్న రసీదులు వెంట ఉంచుకోవాలి. తుపాకీని చూపమన్న రోజున తీసుకువెళితే చాలు.