దాపటి ఎద్దు

మా మనుమరాలికి ఐదేళ్లు. మొన్న కరీంనగర్‌లో మా కోడలు దానిచేత అక్షరాలు దిద్దిస్తూ, ఎడమచేతిలోని బలపాన్ని నాలుగోసారి కుడిచేతికి మార్చింది. పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది.

"రేపు లోకమంతా కుడిచేతిదే గదా మామా!" అన్నది కోడలు.

"బలపం సంగతి తరువాత చూద్దాం బిడ్డా. ముందు నా పిస్తోలు సంగతి విను" అన్నాను.

నేనూ పుర్రచేతివాణ్ణే. చిన్ననాడు మా నాయన బెత్తం పుచ్చుకుని నా రాతను కుడిచేతికి మార్పించాడు. నాయనమ్మ మాత్రం, "దాపటి ఎద్దును ఎలపట కడితే నాగలి సాగుతదా కొడుకా?" అని అడ్డువచ్చేది. ఆ మాట విలువ 1984లో పోలీసు శిక్షణకు వెళ్లాక తెలిసింది.

నా చేతికిచ్చినది బెంగాలులోని ఈశాపూరు కర్మాగారంలో తయారైన 9 మిల్లీమీటర్ల పిస్తోలు. దాని పుట్టిల్లు బెల్జియం. అమెరికావాడైన బ్రౌనింగ్ మొదలుపెట్టి 1926లో కన్నుమూస్తే, సేవ్ అనే ఆయన పూర్తిచేశాడు. 1935లో వాడుకలోకి వచ్చింది. మేగజైనులో 13 తూటాలు పడతాయి. ఇంత ఆలోచించిన మహానుభావులు పుర్రచేతివాణ్ణి మాత్రం మరచిపోయారు. పదిమందిలో సుమారు ఒకడు ఎడమచేతివాడే గదా!

సేఫ్టీ మీట, మేగజైను బొత్తాము, స్లైడును ఆపే మీట, మూడూ ఎడమపక్కనే. కుడిచేత్తో పట్టుకుంటే బొటనవేలు తిన్నగా వాటిమీదికే పోతుంది. ఎడమచేత్తో పట్టుకుంటే బొటనవేలు అటుపక్కన ఉండిపోతుంది. నేను దాన్ని వెనుకనుంచి దాటించి మీట దించి, తిరిగి తీయడం మరచి పేల్చాను. స్లైడు వెనక్కి దూకి వేలు చీల్చింది. తప్పు పిస్తోలుది కాదు, నాది.

వారంరోజులు కుడిచేత్తో ప్రయత్నించాను. గురిపలకకు ఒక్క చిల్లూ పడలేదు. అప్పుడు మా ఉస్తాదు ఒక పరీక్ష పెట్టాడు. పాఠకులూ చేసి చూడవచ్చు: రెండు కళ్లూ తెరిచి దూరాన ఉన్న వస్తువును వేలితో చూపించి, ఒక్కొక్క కన్నే మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు వేలు కదలదో, అదే మీ గురి కన్ను. నాది ఎడమది.

"అరే భాయ్, కన్నే ఎడమది. చెయ్యి మారిస్తే ఏం ఫాయిదా?" అన్నాడు.

తరువాత ఖాళీ పిస్తోలుతో రాత్రుళ్లు సాధన చేయించాడు. బొటనవేలు వెనుకనుంచి దాటాలి, మీట దించాలి, మళ్లీ తన చోటికి రావాలి. అంతవరకూ చూపుడువేలు ట్రిగ్గరు బయటనే. మేగజైను బొత్తాము మాత్రం నాకు వరమైంది. ఎడమచేతివాడు దాన్ని చూపుడువేలితోనే నొక్కాలి గనుక, ఆ వేలు ట్రిగ్గరుమీద ఉండే వీలే లేదు. కొత్త మేగజైను పెట్టాక మీటకోసం తడుముకోకుండా, కుడిచేత్తో స్లైడును వెనక్కి లాగి వదిలేస్తే సరి.

కొన్నేళ్ల తరువాత ఆదిలాబాద్ జిల్లాలో ఉండగా, కేస్లాపూర్ నాగోబా జాతర రోజులలో ఒక రాత్రి కెరమెరి ఘాటులో జీపు ఆగింది. అవి భయం నిండిన రోజులు. పొదలు కదిలాయి. పిస్తోలు చేతికి వచ్చింది, బొటనవేలు దాటి మీట దించి తన చోటికి వచ్చింది. చూపుడువేలు బయటనే నిలిచింది. పొదల్లోంచి వచ్చినది తప్పిపోయిన ఎద్దును వెతుక్కుంటున్న ఒక గోండు ముసలాయన!

అలవాటు లేని చేత్తో తడుముకుంటూ ఉంటే నా వేలు ఎక్కడ ఉండేదో తలచుకుంటే నాకు నేటికీ చెమట పడుతుంది. తడుముకునే వేలే ప్రమాదం.

తరువాతి కాలపు పిస్తోళ్లలో రెండుపక్కలా మీటలున్నవీ, బొత్తామును అటుపక్కకు మార్చుకోగలిగినవీ వచ్చాయి. తుపాకులు చేసేవారే దిగివచ్చినప్పుడు మనకేం?

కోడలు కాసేపు మాట్లాడలేదు. తరువాత బలపం తీసి పిల్ల ఎడమచేతికే ఇచ్చింది. రాసినది చెయ్యి చెరిపేయకుండా పలక పైభాగాన్ని కొంచెం కుడికి వాల్చి పెట్టమన్నాను. 'అ' చక్కగా వచ్చింది.

ఆ సంతోషంలో మనుమరాలు నాకొక లడ్డు తెచ్చి ఇచ్చింది, ఎడమచేత్తోనే. కోడలు నావైపు చూసింది. నేనూ ఎడమచేయే చాపాను.