పాత కట్టర్‌కు కొత్త పదును... మీ చేతికో పని!

శ్రీకాకుళం, విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం... ఏ ఊళ్లోనైనా పాత ప్రింటింగ్ ప్రెస్సు వెనక గదిలోకి ఓసారి తొంగిచూడండి. పొడవాటి హ్యాండిల్, పైన చక్రం, కింద ఇనుప బల్ల, మధ్యలో తుప్పుపట్టిన బ్లేడుతో ఓ బరువైన యంత్రం కనిపించొచ్చు. చేత్తో నడిపే పేపర్ కట్టింగ్ మెషీన్ అది. లెటర్‌ప్రెస్ పోయి ఆఫ్‌సెట్, డిజిటల్ వచ్చాక ఇలాంటివి చాలాచోట్ల పాత ఇనుము కింద తూకానికి పోతున్నాయి. మెకానికల్ ఇంజినీరింగో, ఐటీఐ ఫిట్టరో చదివి సొంతూళ్లోనే ఏదైనా చేద్దామనుకుంటున్నారా? తూకానికి పోయేలోపు దాన్ని ఓసారి పరీక్షించండి.

కత్తిపీట సూత్రమే!

ఈ తరహా యంత్రానికి ఫ్రాన్స్‌లో గియోమ్ మాసికో 1844లో పేటెంట్ తీసుకున్నాడు. సూత్రం మాత్రం మన వంటింట్లోదే. కత్తిపీట మీద వంకాయను నేరుగా అదిమితే నలుగుతుంది. కాస్త లాగుతూ నొక్కితే శుభ్రంగా తెగుతుంది. ఇక్కడా బ్లేడు నిట్టనిలువుగా కాకుండా పక్కకు జరుగుతూ దిగుతుంది. అందుకే వందల కాగితాలు ఒక్కసారే తెగుతాయి.

కొనేముందు ఏం చూడాలి?

* బాడీ పోత ఇనుముతో చేసిందే ఎక్కువ. పగులు ఉంటే వదిలేయండి. దాన్ని అతికించడం కష్టం, నమ్మడం ఇంకా కష్టం.
* చాలా బ్లేడుల్లో అంచు దగ్గర ఓ పట్టీ మాత్రమే గట్టి ఉక్కు. సానబెట్టీ పెట్టీ అది అరిగిపోతే కొత్త బ్లేడు కొనాల్సిందే. ఆ ఖర్చును బేరంలో కలుపుకోండి.
* చక్రం తిప్పి, కాగితాన్ని నొక్కిపట్టే క్లాంప్ రెండువైపులా సమంగా దిగుతోందో లేదో గమనించండి.

పైకి కనిపించే తుప్పు చూసి భయపడొద్దు. కిరసనాయిలుతో నానబెట్టి వైరు బ్రష్‌తో రుద్దితే చాలావరకు పోతుంది. బల్ల పైభాగానికి మాత్రం రంగు వేయకండి, కాగితం జారదు. జారే భాగాలకు నూనె వేసి, కాగితం తగిలేచోట పొడిగుడ్డతో తుడవండి. బ్లేడు పైకి ఉన్నప్పుడు హ్యాండిల్‌ను లాక్ చేయకుండా లోపల చెయ్యి పెట్టొద్దు. పదును పోయిన బ్లేడైనా వేలిని వదలదు.

సాన ఎక్కడ?

విప్పేటప్పుడు బ్లేడును అడుగుదాకా దించి, కింద చెక్కముక్కలు ఆనించి బోల్టులు తీయండి. అంచు కనిపించకుండా రెండు చెక్కల మధ్య బిగించాకే బయటికి మోయండి.

దీన్ని హ్యాండ్ గ్రైండర్‌తో సానబెట్టబోకండి. అంచు వేడెక్కి నీలిరంగుకు తిరిగిందంటే ఉక్కు గట్టిదనం పోయినట్టే. అంత పొడవునా అంచు తిన్నగా కూడా రాదు. నీళ్లు పోస్తూ అరగదీసే పొడవాటి సర్ఫేస్ గ్రైండర్ కావాలి. ఊళ్లో దొరక్కపోతే విశాఖ ఆటోనగర్ వర్క్‌షాపుల్లో వాకబు చేయండి. కోణం ఎంతో ముందే చెప్పాలి. మామూలు కాగితానికి 22 నుంచి 24 డిగ్రీలు సరిపోతుంది. క్లాంప్ వైపు ఉండే చదును ముఖాన్ని వాలుగా అరగదీయనివ్వకండి. అక్కడ మిగిలే సన్నటి ఇనుప పొరను ఆయిల్ స్టోన్‌ను చదునుగా ఆనించి తీసేస్తే చాలు.

అసలు విద్య సెట్టింగే

పదునును డబ్బిచ్చి పెట్టించుకోవచ్చు. సెట్టింగ్ మాత్రం మీరే నేర్చుకోవాలి. బ్లేడు వచ్చి ఆనేచోట బల్లలో చెక్కదో, ప్లాస్టిక్‌దో ఓ పట్టీ ఉంటుంది. దాంట్లోకి బ్లేడు వెంట్రుకవాసి మాత్రమే దిగాలి, అదీ రెండు చివర్లా సమంగా. ఎక్కువ దిగితే పదును పోతుంది, తక్కువైతే అడుగు కాగితం తెగదు. పట్టీ మీద గాడి పడితే పారేయకండి. చతురస్రపు పట్టీ అయితే నాలుగు ముఖాలు, రెండు చివరలు మార్చుకుంటూ ఎనిమిదిసార్లు వాడొచ్చు.

ముందు పాత పేపర్ల దొంతర కోయండి. పై కాగితం, అడుగు కాగితం ఒకదానిమీద ఒకటి పెట్టి చూడండి. కొలతలో తేడా వస్తే క్లాంప్ బిగువు చాలలేదనో, పదును సరిపోలేదనో అర్థం. మూల తొంభై డిగ్రీలు రాకపోతే వెనక గేజ్‌ను సరిచేయండి.

పని ఎవరిస్తారు?

బిల్లు పుస్తకాలు, శుభలేఖలు, విజిటింగ్ కార్డులు, కాలేజీ ప్రాజెక్ట్ రికార్డులు... ఇవన్నీ చివరికి కట్టర్ దగ్గరికి రావాల్సిందే. ఒక్క మెషీన్‌తో ఉద్యోగమంత జీతం రాదు. కానీ చుట్టుపక్కల ప్రెస్సులు, జిరాక్స్ షాపుల కట్టర్లకు బ్లేడు మార్చి సెట్ చేసిచ్చే మనిషిగా పేరు వస్తే పని వెతుక్కుంటూ వస్తుంది.

కాదనాల్సిన పనీ ఒకటుంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయంలో పాత పత్రికలను ఎంత శ్రద్ధగా దాచారో చూస్తే అదేంటో తెలుస్తుంది. పెళుసెక్కిన పాత కాగితం అంచులు కోస్తే అక్షరాలే పోవచ్చు. అలాంటివి ఎవరైనా తెస్తే కోయకుండానే బైండు చేయించుకోమని చెప్పండి.

ఈ వారమే మీ ఊళ్లోని పాత బైండర్‌ను కలవండి. బ్లేడు దిగే చప్పుడు విని పదును చెప్పేవాళ్లు వాళ్లలో ఉన్నారు. ఆయన మెషీన్ దగ్గర రెండు రోజులు నిలబడ్డాకే మీ మెషీన్ బేరమాడండి.